యెరూషలేము సర్వమత బృందయాత్ర: ఒక సమీక్ష

యూదులు, క్రైస్తవులు, ముస్లింలు కలిసి యెరూషలేము పాత నగరాన్ని దర్శించే ఈ యాత్రలో నన్ను అన్నిటికంటే కదిలించినది, ఒకరు ప్రార్థిస్తుండగా మిగిలినవారు మౌనంగా పక్కన నిలిచేలా నిర్వాహకులు చేసిన ఏర్పాటు. యూదుల పవిత్ర ప్రార్థనా స్థలమైన పశ్చిమ గోడ వద్ద ఎవరినీ తొందరపెట్టలేదు. యేసు సమాధి ఉన్న చోటని క్రైస్తవులు విశ్వసించే పవిత్ర సమాధి చర్చి తాళం తరతరాలుగా ముస్లిం కుటుంబాల సంరక్షణలో ఉందని, 1852 నాటి ఒట్టోమన్ ఫర్మానాను (తురుష్క సుల్తాను ఆజ్ఞాపత్రాన్ని) అనుసరించి పలు క్రైస్తవ శాఖలు ఆ చర్చిని పంచుకుంటున్నాయని మార్గదర్శి ద్వారం ముందే వివరించడం వల్ల, లోపల ఏ దీపం ఏ శాఖదో గమనించగలిగాము. ఎంతో శ్రద్ధగల వివరణ అది! అయితే ముస్లింల పవిత్ర స్థలమైన అల్ అక్సా మసీదు ప్రాంగణంలోకి ముస్లిమేతరులకు పరిమిత వేళల్లోనే ప్రవేశం ఉంటుందన్న సంగతిని బయలుదేరక ముందే చెప్పవలసింది. సాయంత్రపు సంభాషణలకు ఇంకొంత సమయం ఇస్తే, పరస్పర విశ్వాసాలను వినాలని వచ్చినవారికి ఈ యాత్ర మరింత ఫలప్రదమవుతుంది.