పారిస్‌కా, బొలోన్యాకా?

13వ శతాబ్దపు యూరప్‌లో పై చదువుకు బయలుదేరిన కుర్రాడికి కనిపించే పెద్ద పేర్లు రెండు: ఫ్రాన్స్‌లోని పారిస్, ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయాలు.

చదువు: పారిస్‌లో తర్కం, తత్వం, ఆపైన దైవశాస్త్రం. బొలోన్యాలో న్యాయశాస్త్రం. పారిస్‌లో రోమన్ చట్టం బోధించకూడదని 1219లో పోప్ మూడో హొనోరియస్ నిషేధించాడు కూడా.

పెత్తనం: అసలు తేడా ఇక్కడే ఉంది. పారిస్‌లో గురువుల సంఘానిదే మాట. బొలోన్యాలో విద్యార్థులే సంఘం కట్టి అయ్యవార్లను కుదుర్చుకునేవారు. పాఠం ఆలస్యంగా మొదలుపెట్టినా, గంట మోగాక సాగదీసినా అయ్యవారికే జరిమానా! ఆయన ఊరు దాటాలంటే పూచీ సొమ్ము కట్టాలి. ఆ కాలంలో ఇంత ధైర్యం చేసిన విద్యార్థులంటే నాకు ఎంతో గౌరవం.

ఖర్చు: బొలోన్యా ఎక్కువగా కలిగినవాళ్ల చదువు. పారిస్‌లో రోబేర్ ద సోర్బన్ 1257 ప్రాంతంలో పెట్టిన కళాశాల పేద దైవశాస్త్ర విద్యార్థులకు ఆసరా అయింది.

రిస్కు: ఊరివాళ్లతో తగవులు రెండుచోట్లా ఉన్నవే. 1229లో పారిస్‌లో విద్యార్థుల ప్రాణాలే పోయాయి. గురువులు పాఠాలు మానేసి, రెండేళ్లదాకా తిరిగి మొదలుపెట్టలేదు.

చేతిలో డబ్బుండి, రాజుల కొలువులోనో చర్చి కోర్టుల్లోనో ఉద్యోగం కావాలంటే బొలోన్యా. వాదనలో పదునూ, బోలెడంత ఓపికా ఉంటే పారిస్. అక్కడ దైవశాస్త్రం బోధించాలంటే 35 ఏళ్లు నిండాలని 1215 నాటి నియమం.