‘టీ-మెన్’, ‘వైట్ హీట్’: దొంగల్లో కలిసిన పోలీసు కథకి ఏది మేలు?

మారుపేరుతో దొంగల ముఠాలో చేరే పోలీసు కథలు పాత హాలీవుడ్‌లో చాలానే వచ్చాయి. వాటిలో రావుల్ వాల్ష్ తీసిన ‘వైట్ హీట్’కి (1949) ఉన్న పేరు, ఆంథొనీ మాన్ తీసిన ‘టీ-మెన్’కి (1947) లేదు. నా ఓటు మాత్రం రెండోదానికే.

‘వైట్ హీట్’ చిన్న సినిమా అని కాదు. కోడీ జారెట్‌గా జేమ్స్ కాగ్నీ చెలరేగిపోయాడు. తలనొప్పి వస్తే విలవిల్లాడి తల్లి ఒడి చేరే గజదొంగ వాడు. జైలు భోజనశాలలో, తల్లి చనిపోయిందన్న కబురు ఒక్కొక్క ఖైదీ చెవినీ దాటుకుంటూ వచ్చి వాడిని చేరుతుంది. ఆ తర్వాత కాగ్నీ పెట్టే కేకలు వినాల్సిందే. అదే జైల్లో విక్ పార్డో అన్న దొంగపేరుతో చేరినవాడు ఏజెంట్ ఫాలన్ (ఎడ్మండ్ ఓబ్రయన్). అమ్మకిచ్చే సగం వాటా నీకిస్తానంటాడు కోడీ. అంత నమ్మినవాడిని పట్టిస్తున్నందుకు ఫాలన్ మొహంలో చిన్న ముడతైనా పడదు. కథ కూడా ఆ సంగతి పట్టించుకోదు. చివర్లో రసాయన కర్మాగారంలో ట్యాంకు మీద నిలబడి కోడీ అమ్మని పిలిచే వేళకి మనం దొంగ పక్షాన ఉంటాం, రైఫిల్ గురిపెట్టిన ఫాలన్ పక్షాన కాదు.

‘టీ-మెన్’లో కాగ్నీ లాంటివాడు లేడు. అందుకే భయమంతా ఏజెంట్లదే అయింది. దొంగనోట్ల ముఠాని పట్టుకోవడానికి అమెరికా ఖజానా శాఖ ఇద్దరిని డెట్రాయిట్‌లో దింపుతుంది, దారి లాస్ ఏంజెలెస్‌కి తీస్తుంది. అక్కడి బజార్లో ముఠావాడు పక్కనుండగా, ఆ ఇద్దరిలో ఒకడైన జెనారోని అతని భార్య స్నేహితురాలు గుర్తుపట్టి పలకరిస్తుంది. భార్యకి విషయం అర్థమై, ఇతను నా భర్త కాదనేస్తుంది. తుపాకీ లేదు, పరుగు లేదు, అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. తర్వాత జెనారోని కాల్చేస్తుంటే తోటి ఏజెంట్ (డెనిస్ ఓకీఫ్) చూస్తూ నిలబడాలి, మొహం కదిలిందా తనూ పోతాడు. తోటివాడి చావుని కదలకుండా చూసే పరీక్ష ఫాలన్‌కి పెట్టలేదు వాల్ష్.

జాన్ ఆల్టన్ కెమెరా సంగతి వేరే చెప్పాలి. మనిషిని ఆవిరి గదిలో పెట్టి తలుపు బిగించే ఘట్టంలో అద్దం, పొగ, చీకటి తప్ప ఏమీ వాడలేదు. మన పాత సీఐడీ హీరోలు చివర్లో గడ్డం పీకి అసలు పేరు చెబితే ఈలలు పడేవి. ఇక్కడ పేరు బయటపడడమంటే చావే.

లోపం ఒకటుంది. ఖజానా శాఖ మాజీ అధికారి ఎల్మర్ ఐరీ ఉపన్యాసంతో మొదలై, వ్యాఖ్యాత గొంతు కథలో అడుగడుగునా దూరి పాఠం చెబుతుంది. ఉపన్యాసం దాటించి చూసినా నష్టం లేదు.