అన్నం మానేస్తే సరిపోదు: వరంగల్ హోటళ్లలో లో-కార్బ్ భోజనం

హనుమకొండ చౌరస్తా నుంచి నక్కలగుట్ట, సుబేదారి మీదుగా కాజీపేట దాకా ఉన్న హోటళ్లలో లో-కార్బ్ (పిండిపదార్థం తగ్గించిన తిండి) పాటించేవాళ్లకు కడుపునిండా తిండి దొరుకుతుందా అంటే, తప్పకుండా దొరుకుతుంది. తందూరీ పొయ్యి ఉన్న ఫ్యామిలీ రెస్టారెంట్లు, మండీ (అరబ్ పద్ధతి అన్నం-మాంసం) హోటళ్లలో కాల్చే ఫహమ్ చికెన్, నాటుకోడి కూర, సందుల్లోని కర్రీ పాయింట్లు: ఈ నాలుగూ నమ్మదగ్గవి. ఇక్కడి మెనూల్లో అన్నిటికంటే పెద్దగా కనిపించే చైనీస్ పేజీ అస్సలు నమ్మదగ్గది కాదు. షుగర్ ఉన్నవాళ్ల కోసం అని బోర్డు పెట్టి అమ్మే జొన్నరొట్టె థాలీ కూడా అనుకున్నంత మేలు చెయ్యదు.

రోజు మొత్తంలో 130 గ్రాముల లోపు పిండిపదార్థం తింటే లో-కార్బ్ కింద లెక్క. కీటో చేసేవాళ్లు దాన్ని 20 నుంచి 50 గ్రాములకు దించుకుంటారు. ఈ కొలత మనసులో పెట్టుకుని నలుగురు కూర్చునే మామూలు రాత్రి భోజనం ఒకటి చూడండి. అన్నం, బిర్యానీ ముట్టలేదనే అనుకుందాం. ముందు ఒక మంచౌ సూప్: కార్న్‌ఫ్లోర్, పైన చల్లిన వేయించిన నూడుల్స్ కలిపి 12-15 గ్రాములు. చికెన్ 65లో మనిషి వాటాకు వచ్చే పూత మరో 15. బటర్ చికెన్ గ్రేవీలో జీడిపప్పు, టమాట, చక్కెర కలిసి ఇంకో 10. రెండు తందూరీ రొట్టెలు అంటే 60 పైనే. చివర్లో సోంపుతో పాటు పిడికెడు చక్కెర పలుకులు. ఒక్క మెతుకు తినకుండానే వంద దాటింది. లెక్కలన్నీ సుమారువే, వంటమనిషి చేతిని బట్టి అటూ ఇటూ అవుతాయి. కానీ ‘నేను అన్నం తినలేదు కదా, షుగర్ ఎందుకు పెరిగింది’ అనే ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది. కనిపించే అన్నాన్ని పక్కన పెట్టడం తేలిక. కనిపించని పిండిని పట్టుకోవడమే అసలు పని.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గాని వాడుతూ హఠాత్తుగా పిండిపదార్థం తగ్గిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు హోటల్ బల్ల దగ్గరే మొదలవ్వచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లు కఠినమైన కీటో చేస్తే రక్తంలో ఆమ్లం పెరిగే కీటోఅసిడోసిస్ ప్రమాదం ఉంది. అప్పుడు మీటర్‌లో షుగర్ మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు కూడా. మందుల మోతాదు డాక్టరుతో మాట్లాడి మార్చుకున్నాకే ఈ తిండికి దిగాలి.

ఇక తందూరీ. మొదటి ఎంపిక ఎముకతో ఉన్న తందూరీ చికెనే. ముందు ఉప్పు, నిమ్మరసం, అల్లం వెల్లుల్లి పట్టిస్తారు. తర్వాత నీళ్లు వడకట్టిన పెరుగు, కారం, గరం మసాలా పూసి నానబెడతారు. ఇందులో పిండి అవసరమే లేదు. హాఫ్‌లో ఒక కాలు, ఒక రొమ్ము ముక్క వస్తాయి. రొమ్ము ముక్క త్వరగా ఎండిపోతుంది కాబట్టి ఇద్దరు వెళ్తే రెండు టంగ్డీలు (కాలు ముక్కలు), ఒక హాఫ్ చెప్పుకోవడం మేలు. ఆర్డర్ చెప్పాక కనీసం పావుగంట పట్టాలి. ఐదు నిమిషాల్లో వచ్చిందంటే మధ్యాహ్నమే కాల్చి పెట్టుకున్నదాన్ని మళ్లీ వేడి చేశారని అర్థం, ముక్క పీచు పీచుగా ఉంటుంది. ఎముక పక్కన పచ్చిగా ఉంటే మొహమాటం లేకుండా వెనక్కి పంపాలి.

తందూరీలో వచ్చిందల్లా పిండి లేనిది అనుకోకూడదు. పనీర్ టిక్కాకు, ఫిష్ టిక్కాకు పెరుగు మసాలా జారిపోకుండా పట్టుకోవాలని వేయించిన శనగపిండి కలుపుతారు. ప్లేటుకు రెండు చెంచాలైతే 10 గ్రాముల లోపే, పర్వాలేదు. మలై టిక్కాలో మీగడ, చీజ్, జీడిపప్పు ముద్ద ఉంటాయి, అప్పుడప్పుడు కాస్త కార్న్‌ఫ్లోర్ కూడా పడుతుంది. రోజుకు 50 గ్రాముల లెక్కలో ఉన్నవాళ్లు సగం ప్లేటుతో ఆగితే చాలు. సీక్ కబాబ్‌లో కీమా విడిపోకుండా బ్రెడ్ పొడో శనగపిండో కలిపే చోట్లు ఉన్నాయి, అడిగి తెలుసుకోవాలి. షామీ కబాబ్ అంటే సగం శనగపప్పు. హరాభరా కబాబ్ అంటే ఆకుపచ్చ రంగు ఆలుగడ్డ. ఈ రెండిటినీ వదిలెయ్యండి.

మండీ హోటళ్లు వచ్చాక మనలాంటివాళ్లకు దొరికిన మంచి వస్తువు ఫహమ్. కోడిని మధ్యకు చీల్చి, మసాలా పట్టించి, బొగ్గుల మీద కాలుస్తారు. పక్కన ఇచ్చే వెల్లుల్లి మయోనైజ్ ప్రధానంగా నూనె కాబట్టి పిండి భయం లేదు. కుబూస్ (రొట్టె) వద్దని చెప్పి దాని బదులు కీరా, ఉల్లిగడ్డ అడిగితే ఎవరూ కాదనరు. తేనె పూసినది, బార్బెక్యూ సాస్ పూసినది మాత్రం వద్దు, అక్కడ చక్కెర తప్పదు. మండీ పళ్లెం అందరూ కలిసి తినేది, అన్నం మధ్యలోనే ఉంటుంది, ‘రెండు ముద్దలేలే’ అంటూ చేయి పోతుంది. విడి ప్లేటులో మాంసం వేయించుకోవడం ఉత్తమం.

బిర్యానీ దగ్గర లెక్క సూటిగా ఉంటుంది. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం. సింగిల్ ప్లేటులో 350 గ్రాముల అన్నం ఉంటే దాదాపు వంద. కానీ దమ్ బిర్యానీ ముక్కకు ఏ దోషమూ లేదు, పెరుగు, మసాలా, వేయించిన ఉల్లిగడ్డలతోనే ఉడుకుతుంది. చాలా హోటళ్లలో ‘ఎక్స్‌ట్రా పీస్’ విడిగా ఇస్తారు. మూడు ముక్కలు, ఒక గిన్నె రైతా, కొంచెం మిర్చీ సాలన్ ఉంటే పూర్తి భోజనం. ఫ్రై పీస్ బిర్యానీకి ఇది వర్తించదు, ఆ ముక్కకు కార్న్‌ఫ్లోర్ పూత ఉండవచ్చు.

చైనీస్ పేజీని ఎందుకు నమ్మవద్దంటున్నామో వివరంగా చెప్పాలి. చికెన్ 65, చిల్లీ చికెన్, అపోలో ఫిష్, మంచూరియా: అన్నిటికీ మొదటి మెట్టు ఒకటే. ముక్కలకు గుడ్డు, కార్న్‌ఫ్లోర్, మైదా కలిపి నూనెలో వేయించడం. రద్దీ ఉన్న హోటళ్లలో ఈ ముక్కలను పొద్దుగాలే కలిపి, సగం వేయించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటారు. ఆర్డర్ వచ్చాక చేసేది సాస్‌లో తిప్పడం వరకే. అందుకే ‘కార్న్‌ఫ్లోర్ లేకుండా చెయ్యండి’ అంటే వెయిటర్ తలూపుతాడు గాని లోపల వంట మాస్టర్ చెయ్యగలిగింది ఏమీ ఉండదు. సాస్ చిక్కబడటానికి చివర్లో పోసే కార్న్‌ఫ్లోర్ నీళ్లు మాత్రమే ఆగుతాయి, పూత అలాగే ఉంటుంది. ఇక టమాట సాస్‌లో, స్వీట్ చిల్లీ సాస్‌లో ఉన్న చక్కెర అదనం. ఈ పేజీలో పనికొచ్చేది క్లియర్ సూప్ ఒకటే. అది కూడా ‘పల్చగా, కార్న్‌ఫ్లోర్ వెయ్యకుండా’ అని చెప్పి తెప్పించుకుంటేనే.

అడిగే పద్ధతిలోనూ తేడా ఉంది. ‘నేను డైట్‌లో ఉన్నాను’ అంటే వెయిటర్‌కు తట్టేది నూనె తగ్గించడం. మనకు నూనెతో పేచీ లేదు, పిండితో ఉంది. ‘అన్నా, ముక్కకు మైదా, కార్న్‌ఫ్లోర్ పట్టిస్తరా? పట్టియ్యని ఫ్రై ఏమున్నది?’ అని అడిగితే సరైన జవాబు వస్తుంది. తెలియదంటే ‘మాస్టర్‌ను అడిగి రా తమ్మీ’ అనడంలో తప్పు లేదు. పిండి పడకపోవడం ఆరోగ్య సమస్య అని ఒక్క ముక్క చెబితే లోపల కూడా శ్రద్ధ పెడతారు.

గ్రేవీలు అర్థం కావాలంటే రెస్టారెంట్ వంటగదిలో ముందే తయారుగా ఉండే మూడు గ్రేవీల సంగతి తెలియాలి. తెల్లది: జీడిపప్పు, పుచ్చగింజలు, ఉల్లిగడ్డ. ఎర్రది అంటే మఖనీ: టమాట, జీడిపప్పు, వెన్న, చక్కెర. మూడోది ఉల్లి-టమాట మసాలా. షాహీ, మొఘలాయ్, కాజు అన్న పేర్లు తెల్లదాని నుంచి, బటర్ చికెన్, పనీర్ బటర్ మసాలా ఎర్రదాని నుంచి వస్తాయి. కడాయి రకాలు ప్రధానంగా మూడోదాని మీద నడుస్తాయి కాబట్టి అవే మేలు. పాలక్ చికెన్, పాలక్ పనీర్, గోంగూర మటన్ ఇంకా మంచివి, ఆకుకూర వల్ల చిక్కదనం వస్తుంది, పిండి అక్కర్లేదు. మటన్ ఫ్రై, లివర్ ఫ్రై, బోటి, తలకాయ కూర దొరికే మెస్‌లో అయితే రెండో ఆలోచన వద్దు. కీమాలో మాత్రం బఠానీలు గాని ఆలుగడ్డ గాని ఉన్నాయేమో చూడండి. కొర్రమీను పులుసు చెప్పుకోవచ్చు. చింతపండులో పిండిపదార్థం ఎక్కువే అయినా ఒక ప్లేటుకు పడేది కొంచెమే. బెల్లం వేస్తారా అని మాత్రం అడగాలి.

ఉత్తర తెలంగాణలో ఈ తిండికి అచ్చంగా సరిపోయే పద్ధతి అంకాపూర్‌ది. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ దగ్గరి ఆ ఊరి నాటుకోడి కూర పేరు మీద ఇప్పుడు చాలా పట్టణాల్లో బోర్డులు కనిపిస్తాయి. ప్లేటు లెక్కన కాకుండా కోడి లెక్కన ఆర్డర్ ఇవ్వడం అక్కడి రివాజు. అల్లం వెల్లుల్లి, కారం, ధనియాలు, కొబ్బరి, పల్చటి పులుసు, ఇందులో దాచిన పిండి ఉండదు. కూరతో పాటు అన్నం కూడా వస్తుంది, ముందే వద్దని చెప్పి బదులుగా ఉడికించిన గుడ్లు అడగండి. నాటుకోడి గట్టిగా ఉంటుంది, ఉడకడానికి గంట దాకా పడుతుంది, కాబట్టి బయల్దేరే ముందే ఫోన్ చెయ్యాలి. అప్పటికప్పుడు ఇచ్చారంటే బాయిలర్ కోడి అయ్యుండవచ్చు, ఎముక గట్టిదనం చూస్తే తెలిసిపోతుంది. కల్లు కాంపౌండ్ల దగ్గర కూడా బోటి, చికెన్ ఫ్రై బాగుంటాయి. చిన్న గిన్నెడు గుడాల్లో (ఉడికించిన గింజలు) మాత్రం 20-30 గ్రాములు ఉంటాయి, అప్పుడే దించిన తియ్యటి కల్లులో చక్కెర ఎక్కువ.

జొన్నరొట్టె మీద గౌరవం ఉంది గనుకే దాని లెక్క దాచకూడదు. జొన్నపిండి 100 గ్రాముల్లో పిండిపదార్థం 67-68 గ్రాములు, గోధుమపిండిలోనూ దాదాపు అంతే. ఒక రొట్టెకు 50-60 గ్రాముల పిండి పడుతుంది. అంటే 35-40 గ్రాముల పిండిపదార్థం, రెండు పుల్కాలకు మించి. పీచు ఉంది కాబట్టి కాస్త నెమ్మదిగా అరుగుతుంది, మైదా నాన్ కంటే వెయ్యి రెట్లు నయం. 130 గ్రాముల లెక్కలో ఉన్నవాళ్లు ఒక రొట్టె, రెండు కూరలు హాయిగా తినవచ్చు. కానీ ‘జొన్న కదా’ అని మూడు తింటే బిర్యానీ తిన్నట్టే. థాలీలో రొట్టెలతో పాటు కొర్రన్నం, రాగి లడ్డూ పెట్టి ఆరోగ్యం పేరుతో అమ్మడం మాత్రం సరైన పని కాదు, షుగర్ ఉన్నవాళ్లను అది నేరుగా దెబ్బతీస్తుంది.

శాకాహారులకు రెస్టారెంట్ కంటే కర్రీ పాయింట్ మంచిది. నయీంనగర్, కేయూ క్రాస్ రోడ్డు వైపు హాస్టళ్లు ఎక్కువ కాబట్టి ఇవీ ఎక్కువే. బెండకాయ, వంకాయ, గోరుచిక్కుడు, తోటకూర, క్యాబేజీ: వీటిలో రెండు పొట్లాలు, ఒక పెరుగు, విడిగా కొన్న పనీరు ఉంటే చవగ్గా పూట గడుస్తుంది. ఆలుగడ్డ, చామగడ్డ, కంద వద్దు. పప్పు ఒక గరిటెతో ఆపాలి. మధ్యాహ్నం ఒంటిగంటలోపు వెళ్లాలి, ఆలస్యమైతే మిగిలేవి ఆలుగడ్డ, సాంబారే. రెస్టారెంట్‌లో తినాల్సి వస్తే పనీర్ టిక్కా, పాలక్ పనీర్, పనీర్ బుర్జీ. క్రిస్పీ, కుర్‌కురే అన్న మాట ముందున్న ఏ కూరగాయైనా కార్న్‌ఫ్లోర్‌లో మునిగిందే.

టిఫిన్ సెంటర్‌లో ఆమ్లెట్ తప్ప పెద్దగా ఏమీ లేదు. ఉప్మా లేని పెసరట్టు ఒకటి 20-25 గ్రాములు, బియ్యం కలిపి రుబ్బితే ఇంకా ఎక్కువ. చాయ్‌లో చక్కెర గిన్నెలోనే కలిపి మరిగిస్తారు కాబట్టి తియ్యదనం తగ్గించమన్నా లాభం లేదు. కాఫీ అయితే డికాక్షన్, పాలు, చక్కెర విడివిడిగా పోస్తారు, చక్కెర లేకుండా దొరుకుతుంది. లేదంటే ఉప్పు వేసిన నిమ్మ సోడా.

యాప్‌లో తెప్పించుకునేటప్పుడు ‘నో కార్న్‌ఫ్లోర్’ అని రాసినా రద్దీ వేళ వంటగదిలో ఎవరూ చదవరు. శుక్ర, శని, ఆదివారాల రాత్రులు ఎనిమిది దాటాక అయితే మార్పులు అడగకుండా ఉన్నదున్నట్టు పనికొచ్చేదే ఎంచుకోవాలి: తందూరీ చికెన్, ఫహమ్, ఎక్స్‌ట్రా పీస్, రైతా. పార్శిల్‌లో వచ్చిన సాస్ ప్యాకెట్లు, కుబూస్ విప్పకుండానే పక్కన పెట్టండి. మాంసం వేడి తగ్గితే పెనం మీద మూత పెట్టి రెండు నిమిషాలు ఉంచితే చాలు, నూనె వెయ్యాల్సిన పని లేదు.