షార్ట్‌వేవ్‌లో తెలియని డిజిటల్ చప్పుళ్లు: ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వీ3, ఆర్టెమిస్ చాలాకాలం వాడాక

పర్లాకిమిడి, గుణుపురం వైపు కొత్తగా రేడియో పట్టేవాళ్లు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వీ3 డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్) గురించే ఎక్కువగా అడుగుతుంటారు. వీహెచ్‌ఎఫ్‌లో (30 నుంచి 300 మెగాహెర్ట్జ్) పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. షార్ట్‌వేవ్‌కైతే పక్కన ఫిల్టర్ కూడా కొనుక్కోవాల్సిందే.

24 మెగాహెర్ట్జ్ కిందికి దిగాలంటే సాఫ్ట్‌వేర్‌లో డైరెక్ట్ శాంప్లింగ్ (ట్యూనర్‌ను దాటేసి సంకేతాన్ని నేరుగా అందుకునే పద్ధతి) కింద క్యూ బ్రాంచి ఎంచుకోవాలి. అప్పుడు ట్యూనర్ చిప్‌కు పని ఉండదు, గెయిన్ ఎంత జరిపినా తేడా రాదు. మిగిలేది 8 బిట్ల ఏడీసీ, అంటే సంకేతాన్ని అంకెలుగా మార్చే భాగం. చీకటి పడితే కటక్ 972 కిలోహెర్ట్జ్ లాంటి మీడియంవేవ్ స్టేషన్లు దాన్ని ముంచేస్తాయి, వాటర్‌ఫాల్ (సంకేతాలు గీతలుగా జారే తెర) నిండా లేని గీతలు పుడతాయి. 2.6 మెగాహెర్ట్జ్ కిందివాటిని ఆపే హైపాస్ ఫిల్టర్ యాంటెన్నా దారిలో పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

ఫిల్టర్‌కు లొంగని తంటా ఇంకోటుంది. ఏడీసీ క్లాక్ 28.8 మెగాహెర్ట్జ్ కాబట్టి 14.4కి అటూ ఇటూ ఉన్నవి అద్దంలో బొమ్మల్లా ఒకదాని మీద ఒకటి పడతాయి. 7.4లోని ప్రసారం 21.4లో కనిపిస్తుంది. రాత్రిపూట 15 మీటర్ల బ్యాండులో (21 మెగాహెర్ట్జ్ దగ్గర) వింత సంకేతం దొరికితే సంబరపడకండి, 28.8లోంచి ఆ అంకె తీసేసి అక్కడ వినండి. బొమ్మ తిరగబడి వస్తుంది గనుక యూఎస్‌బీ, ఎల్‌ఎస్‌బీ (పై, కింది సైడ్‌బ్యాండ్‌లు) కూడా తారుమారవుతాయి.

ఇక గుర్తుపట్టడం. చెవిని అంతగా నమ్మొద్దు, కొలవండి. 50 హెర్ట్జ్ వెడల్పు, 15 సెకన్లకోసారి మొదలైతే ఎఫ్‌టీ8, అంటే హామ్‌లు (అభిరుచి కొద్దీ రేడియోలో మాట్లాడుకునేవాళ్లు) వాడే డిజిటల్ మోడ్. పీసీ గడియారం రెండు సెకన్లు తప్పినా అది డీకోడ్ కాదు. నెట్ అందని ఏజెన్సీ ఊళ్లలో జీపీఎస్‌తో టైం సరిచేసుకోవాలి. 170 హెర్ట్జ్ ఎడంతో రెండు గీతలుంటే వేగం చూడాలి: 45.45 బాడ్ (సెకనుకు పంపే గుర్తులు) అయితే హామ్‌ల ఆర్‌టీటీవై (రేడియో టెలిటైప్), 100 అయితే సైటర్ (ఓడల రేడియో టెలెక్స్). ఆర్‌టీటీవైలో పిచ్చి అక్షరాలొస్తే డీకోడ్ చేసే ప్రోగ్రాం ఎఫ్ఎల్‌డిజిలో ‘ఆర్‌వీ’ (రివర్స్) బటన్ నొక్కి చూడండి, చాలాసార్లు అంతే. నాటో సైనిక మోడెం స్టానాగ్ 4285 సుమారు 600 నుంచి 3000 హెర్ట్జ్ దాకా పరుచుకుంటుంది. ఎస్‌డీఆర్ ఫిల్టర్ 2.4 కిలోహెర్ట్జ్‌లోనే వదిలేస్తే మీరు కొలిచేది ఫిల్టర్‌ని, సంకేతాన్ని కాదు. 3.5కి పెంచాకే కొలవండి.

కొలతలు చేతికొచ్చాక ఆర్టెమిస్ (రేడియో సంకేతాల వివరాలు వెతికిపెట్టే ప్రోగ్రాం) బాగా పనికొస్తుంది. ఉచితం, డేటాబేస్ ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు, శబ్దం నమూనా, వాటర్‌ఫాల్ బొమ్మ రెండూ ఉంటాయి. ఫ్రీక్వెన్సీతో వెతికితే మాత్రం దారి తప్పిస్తుంది, ఒకే మోడ్ ఎక్కడైనా పలకొచ్చు. ముందు వెడల్పు, తర్వాత మాడ్యులేషన్ ఇవ్వండి.

అన్నీ చూశాక కూడా పేరు దొరకని గీతలు కొన్ని మిగులుతాయి. లాప్‌టాప్ ఛార్జర్ తీసేయండి, ఎల్‌ఈడీ బల్బులు ఆపండి. మా వైపు కరెంటు కోతలకు కొదవలేదుగా, ఆ సమయంలో వాటర్‌ఫాల్ చూస్తే సగం గీతలు పోతాయి. మిగిలిన సగానికే ఆర్టెమిస్ తెరవండి.