భద్రాచలంలో రాముడితో గొడవ

ఐదేళ్లు ప్రేమించినవాడి పెళ్లి రోజున ఊళ్లో ఉండలేక, ముందు రోజు రాత్రి హైదరాబాద్‌లో భద్రాచలం బస్సెక్కాను. రైలు కూడా ఉంది గానీ, భద్రాచలం రోడ్ స్టేషన్ ఉండేది కొత్తగూడెంలో, అక్కణ్ణుంచి మళ్లీ 40 కిలోమీటర్లు వెళ్లాలి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి బస్సే నయం.

మొదట అడిగిన లాడ్జిలో "ఒక్కరే అయితే రూమ్ ఇవ్వం మేడమ్" అన్నారు. ఆ ఒక్క మాటకి, బస్సులో రాత్రంతా ఆపుకున్న ఏడుపు అక్కడే మెట్ల మీద వచ్చేసింది. రెండోచోట ఆధార్ చూసి ఇచ్చారు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు మాత్రం బకెట్‌తో తెచ్చిస్తారు. ముందే ఫోన్ చేసి, ఒంటరిగా వస్తున్నామని చెప్పి మరీ అడగండి.

గోదావరిలో మునిగి గుడికి వెళ్లాను. ఇక్కడ సీతమ్మ స్వామి ఎడమ తొడ మీద కూర్చుని ఉంటుంది. చూడగానే కోపమొచ్చింది. నీకేమయ్యా, పక్కనే ఉంది, నాకెందుకిలా చేశావని లోపల్లోపలే తిట్టాను. రామదాసు చేయించిన నగలు అక్కడ చూపిస్తారు. ఈ గుడి కోసం గోల్కొండలో పన్నెండేళ్లు జైల్లో ఉండి ఆయనా ఈ స్వామినే నిలదీశాడు కదా అనుకుంటే, తిట్టినందుకు భయం వేయలేదు. నిత్యకల్యాణం మొదలయ్యేసరికి మాత్రం సన్నాయి వినలేక బయటికొచ్చేశాను.

మధ్యాహ్నం పర్ణశాల వెళ్లాను, సుమారు 35 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకి ఛార్జీ లేదు. రంగులేసిన బొమ్మలు, కొట్ల గోల నాకు నచ్చలేదు, అవి చూసి వెనక్కి రాకండి, సీతవాగు దాకా నడవండి. సీతమ్మ చీరలు ఆరేసిందని చెప్పే బండల మీద పొడుగ్గా చారలుంటాయి, వాటి మీద చెయ్యి పెడితే ఎండకి చురుక్కుమంది. రావణుడు ఆమెని ఎత్తుకుపోయింది ఇక్కణ్ణుంచేనని ఇక్కడివాళ్ల నమ్మకం. అంటే పొద్దున నేను తిట్టినాయన, ఖాళీ కుటీరం ముందు నిలబడి ఏడ్చింది ఇక్కడే. ఆ బండ మీద చాలాసేపు కూర్చున్నాను, ఆరోజు మొదటిసారి ముహూర్తం టైమ్ గుర్తుకు రాకుండా దాటిపోయింది.

మర్నాడు మళ్లీ కల్యాణానికి వెళ్లాను. మాంగల్యధారణప్పుడు కళ్లు మూసుకున్నాను. తలంబ్రాలప్పుడు తెరిచాను.