పెళ్లి వీడియోల కుదింపులో హ్యాండ్‌బ్రేక్: తలంబ్రాల దగ్గర తేలే అసలు సత్తా

పెళ్లి వీడియోను చిన్న ఫైలుగా కుదించినప్పుడు నాణ్యత ముందుగా దెబ్బతినేది తలంబ్రాల ఘట్టంలోనే. అంతవరకు పురోహితుడి మంత్రాలతో, కదలని మండపంతో నిలకడగా సాగిన దృశ్యం, దోసిళ్లలోంచి బియ్యం ఎగరగానే గళ్లుగళ్లుగా చెదిరిపోతుంది. సెకనుకు ఇన్ని బిట్లు (డేటా) అని ముందే గిరి గీసి కుదించిన ఫైళ్లలో ఇది తరచుగా కనిపించే లోపం. మంత్రాల దగ్గర అక్కరలేకపోయినా బిట్లు ఖర్చవుతాయి, తలంబ్రాల దగ్గర కావలసినన్ని దొరకవు. ఈ చిక్కును హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలావరకు విప్పుతుంది, కానీ సెట్టింగులను ఉన్నవి ఉన్నట్టు వదిలేసేవారికి దాని పూర్తి ప్రయోజనం దక్కదు.

2003లో ఎరిక్ పెటిట్ ప్రారంభించిన ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. కుదింపు పనిని లోపల ఉండే ఎక్స్264, ఎక్స్265, ఎస్‌వీటీ-ఏవీ1 వంటి ఎన్‌కోడర్లు చేస్తాయి. హ్యాండ్‌బ్రేక్ వాటిని కమాండ్ లైన్ తెలియనివారికి కూడా అందుబాటులోకి తెస్తుంది. వీడియో ట్యాబ్‌లో రెండు దారులుంటాయి. యావరేజ్ బిట్‌రేట్‌ను (సెకనుకు సగటున వాడే బిట్లను) ఎంచుకుంటే ఫైలు పరిమాణం మన చేతిలో ఉంటుంది, నాణ్యత మాత్రం దృశ్యాన్నిబట్టి మారుతుంది. కాన్‌స్టంట్ క్వాలిటీని ఎంచుకుంటే ఆర్‌ఎఫ్ అనే సంఖ్య ద్వారా నాణ్యతను మనం నిర్ణయిస్తాం, పరిమాణాన్ని ఎన్‌కోడర్ తేలుస్తుంది. సంఖ్య తగ్గేకొద్దీ నాణ్యతా పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. ఎక్స్264లో 6 అంకెలు పెంచితే పరిమాణం ఇంచుమించు సగానికి పడిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ సూచనల ప్రకారం పాత టేపుల స్థాయి వీడియోకు 18 నుంచి 22 వరకు, 1080పి వీడియోకు 20 నుంచి 24 వరకు సరిపోతుంది. నా అభిప్రాయంలో దాచుకోవడానికి కుదించే ఫైలుకు రెండో దారి తప్ప మరొకటి అక్కరలేదు.

ఈ రెండో దారిలో ఎన్‌కోడర్ చేసే నిర్ణయాలను తలంబ్రాల ఫ్రేములోనే దగ్గరగా చూడవచ్చు. ఎక్స్264 ఫ్రేమును 16×16 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, ఏ గడిని ఎంత సూక్ష్మంగా భద్రపరచాలో విడివిడిగా లెక్క వేస్తుంది. మండపం వెనుక ఉన్న నున్నటి తెర వంటి చోట్ల చిన్న లోపం కూడా కంటికి తగులుతుంది గనుక అక్కడ ఉదారంగా ఉంటుంది. జరీ పని నిండిన పట్టుచీర అంచులో కాస్త నష్టం జరిగినా కన్ను పట్టుకోలేదు గనుక అక్కడ పొదుపు చేస్తుంది. అంతటితో ఆగకుండా, 2009లో చేరిన ఎంబీ-ట్రీ అనే పద్ధతి రాబోయే ఫ్రేములను ముందుగానే పరిశీలించి, ఏ గడి ఎంతకాలం తెరమీద నిలుస్తుందో అంచనా వేస్తుంది. కదలని మండపం స్తంభాన్ని ఒకసారి బాగా భద్రపరిస్తే తరువాతి ఫ్రేములన్నీ దానినే వాడుకుంటాయి కాబట్టి దానికి ఎక్కువ బిట్లు దక్కుతాయి. గాలిలో ఎగిరే గింజ మరుక్షణంలో ఉండదు కాబట్టి దానికి తక్కువ దక్కుతాయి. గింజలు కాస్త అలుక్కుపోయినా వధూవరుల ముఖాలు, వెనుకనున్న బంధువులు స్పష్టంగా నిలుస్తారు. పెళ్లి వీడియో చూసేవారికి కావలసినదీ అదే కదా.

ఇలా ముందుకు చూసే దూరం ప్రీసెట్‌ను (ఎన్‌కోడర్ ఎంత నిదానంగా పనిచేయాలో చెప్పే సెట్టింగును) అనుసరించి మారుతుంది: మీడియంలో 40 ఫ్రేములు, స్లోవర్‌లో 60. అందుచేత రాత్రంతా కంప్యూటరును పనిలో ఉంచడానికి అభ్యంతరం లేనివారు క్యూలో ఫైళ్లను చేర్చి, స్లో లేదా స్లోవర్ ఎంచుకోవడం మేలు. ప్లాసిబో (ఉత్తుత్తి మందు) అనే చివరి ప్రీసెట్ పేరుకు తగ్గట్టే ఉంటుంది. కాలం హరిస్తుంది, ఫలితంలో తేడా చూపదు. గ్రాఫిక్స్ కార్డు సాయంతో నడిచే ఎన్‌కోడర్లు ఎంతో వేగంగా పని ముగిస్తాయి, కానీ అదే నాణ్యతకు అవి తయారుచేసే ఫైలు సాధారణంగా పెద్దదిగా ఉంటుంది.

మినీడీవీ టేపుల నుంచి ఎక్కించుకున్న ఫైళ్లు గంటకు సుమారు 13 జీబీ ఆక్రమిస్తాయి గనుక ఇటువంటి సాఫ్ట్‌వేర్ అవసరం అక్కడ మరీ ఎక్కువ. వాటిలో ఒక్కో ఫ్రేము రెండు అర్ధభాగాలుగా అల్లుకుని ఉండడంవల్ల, చెయ్యి కదిలినప్పుడు అంచులు దువ్వెన పళ్లలా చీలినట్టు కనిపిస్తాయి. హ్యాండ్‌బ్రేక్‌లోని డీకోంబ్ ఫిల్టర్, గుర్తింపు సెట్టింగుతో కలిపి వాడినప్పుడు, ఈ లోపం కనిపించిన ఫ్రేములనే సరిచేసి మిగిలిన వాటి జోలికి పోదు. పాత వీహెచ్‌ఎస్ టేపుల సంగతి వేరు. వాటిలోని నాయిస్‌కు (తెరమీద కదిలే చుక్కల మచ్చలకు) ఒక వరుస ఉండదు కాబట్టి ఎన్‌కోడర్ ఊహించలేక బిట్లన్నీ దానిమీదే ధారపోస్తుంది. ఈ నాయిస్‌ను తగ్గించే ఎన్‌ఎల్‌మీన్స్ ఫిల్టర్‌ను లైట్ స్థాయిలో పెడితే ఫైలు గణనీయంగా తగ్గుతుంది, పని మాత్రం బాగా నెమ్మదిస్తుంది.

ఎస్‌వీటీ-ఏవీ1 తయారుచేసే ఏవీ1 రూపం మంచిదా, ఎక్స్264 తయారుచేసే హెచ్.264 రూపం మంచిదా అన్న ప్రశ్నకు సమాధానం ఇంట్లోని టీవీని బట్టి ఉంటుంది. 2018లో వెలువడిన ఏవీ1 అదే నాణ్యతను తక్కువ బిట్లతో ఇస్తుంది, దాని గళ్లు 128×128 వరకు విస్తరించగలవు, రిసెప్షన్‌లోని చీకటి నేపథ్యం మీద రంగుల చారలు పడకుండా, ఛాయలను మరింత సూక్ష్మంగా నమోదు చేసే 10-బిట్ రూపం తోడ్పడుతుంది. అయితే పాత టీవీలు దానిని తెరవనే తెరవవు. ఊళ్లోని బంధువులకు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వదలచుకున్నవారు 8-బిట్ హెచ్.264ను వదలకపోవడమే క్షేమం. ఒక ఎన్‌కోడర్‌లో నప్పిన ఆర్‌ఎఫ్ సంఖ్యను మరొక దానికి యథాతథంగా వాడకూడదు. ఎక్స్264లో కొలమానం 51 దగ్గర ఆగితే, ఎస్‌వీటీ-ఏవీ1లో 63 వరకు సాగుతుంది.

హ్యాండ్‌బ్రేక్‌లో లోటు అని చెప్పవలసింది సరైన సంఖ్యను తేల్చే దగ్గరే ఉంది. ఒకప్పుడు ప్రతి సినిమాకూ 235 నుంచి 5800 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) వరకు ఒకే బిట్‌రేట్ల నిచ్చెన వాడిన నెట్‌ఫ్లిక్స్, 2015లో ఏ సినిమాకు తగిన నిచ్చెనను దానికే తయారుచేసే పద్ధతిని ప్రకటించింది. మరుసటి ఏడాది వీమాఫ్ అనే నాణ్యత కొలమానాన్ని అందరికీ విడుదల చేసింది. హ్యాండ్‌బ్రేక్‌లో అటువంటి కొలత లేదు. సరైన ఆర్‌ఎఫ్‌ను మన కన్నే తేల్చుకోవాలి. రేంజ్‌లో సెకన్లను ఎంచుకుని, తలంబ్రాలు, హోమం పొగ, అప్పగింతలలోని మసక వెలుతురు వంటి కష్టమైన ముక్కలను మాత్రమే రెండు మూడు సంఖ్యలతో కుదించి టీవీలో పోల్చుకోవడం ఇందుకు తగిన ఉపాయం. వీడియోను తిరిగి కుదించకుండా కత్తిరించడం, రెండు ఫైళ్లను అతికించడం దీనితో సాధ్యం కావు. వాటికి వేరే సాఫ్ట్‌వేర్ చూసుకోవాలి.

2017 మేలో హ్యాండ్‌బ్రేక్ డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదానిలోకి హ్యాకర్లు చొరబడి మ్యాక్ వెర్షన్ స్థానంలో మాల్వేర్ ఉంచారు. కనుక అధికారిక సైటు నుంచే దించుకుని, అక్కడ ఇచ్చిన చెక్‌సమ్‌తో (ఫైలు మారలేదని తేల్చే సంకేతంతో) సరిచూసుకోవాలి. డబ్బు అడిగే సైటు ఏదైనా ఉంటే అది అసలుది కాదు. కుదింపు పూర్తయ్యాక, కొత్త ఫైలును ఆసాంతం చూసేవరకు టేపు నుంచి ఎక్కించిన మూల ఫైలును తొలగించవద్దు.