పన్నెండు కాపీల సంచి: లాటినెక్స్ పుస్తక బృందంలో నా ఆరేళ్లు

డాలస్ శివారులో మేముండే ఊరి లైబ్రరీలో ప్రతి నెలా రెండో శనివారం ఉదయం పదిన్నరకు లాటినెక్స్ రచయితల పుస్తకాలు చదివే బృందం ఒకటి కూడుతుంది. 2019 సెప్టెంబరులో మొదటిసారి వెళ్లాను. సాహిత్యం మీద ప్రేమతో కాదు. మా అమ్మాయి పిల్లల కథల గదిలో ఉన్నంతసేపూ నాకూ ఎక్కడో ఒకచోట కుర్చీ కావాలి కదా, అందుకని వెళ్లాను. అమ్మాయి కథల గది మానేసి చాలా కాలమైంది. నేను మాత్రం మానలేదు. ఇన్నాళ్లలో నలభైకి పైగా పుస్తకాలు చదివాను, మూడింటిని సగంలో వదిలేశాను. చేరవచ్చా అని అడిగేవాళ్లకు ప్రతిసారీ ఫోనులో చెప్పే బదులు ఒకసారి రాసి పెడుతున్నాను.

ముందు పేరు సంగతి. లాటిన్ అమెరికా మూలాలున్న మగవాణ్ని స్పానిష్‌లో లాటినో అంటారు, ఆడమనిషిని లాటినా అంటారు. ఇద్దరినీ, ఆ రెండు మాటల్లో ఇమడనివాళ్లనూ కలుపుకోవడానికి పుట్టినది 'లాటినెక్స్'. మా లైబ్రరీ పోస్టరు మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది, గదిలో మాత్రం వినపడదు. 2020లో ప్యూ రిసెర్చ్ అనే సర్వే సంస్థ వెలువరించిన లెక్కల్లో ఆ జనంలో తమను తాము అలా పిలుచుకునేవాళ్లు నూటికి ముగ్గురే అని తేలింది. మా బృందంలో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన తనను 'తెహానో' అని చెప్పుకుంటారు, అంటే టెక్సస్‌లోనే తరాలుగా పాతుకుపోయిన మెక్సికన్ కుటుంబం వాడినని. నన్ను 'మిహా' అంటారు. మాటకు అర్థం 'నా కూతురా' అనే అయినా, పలికే తీరు అచ్చం మన 'అమ్మాయీ'. నలభై దాటాక నన్ను అమ్మాయీ అని పిలిచే మనిషి ఈ దేశంలో దొరకడం నాకు బాగానే ఉంది.

పద్ధతి చాలా మామూలు. లైబ్రరీవాళ్లు పన్నెండు కాపీలూ ఒక ప్రశ్నల కాగితమూ గుడ్డసంచిలో పెట్టి ఉంచుతారు. ముందు వచ్చినవారిదే పుస్తకం. డబ్బు కట్టనక్కర్లేదు, పరీక్ష లేదు. చర్చ ఇంగ్లీషులో మొదలవుతుంది, ఎవరికైనా కోపమో నవ్వో వస్తే స్పానిష్‌లోకి దూకుతుంది. ఆ భాష రానివాళ్లం ముగ్గురమో నలుగురమో ఉంటాం. పక్కవాళ్లు చెవిలో అర్థం చెబుతారు, అప్పుడప్పుడు నవ్వు ఆపుకోలేక సగంలోనే ఆపేస్తారు.

ఇన్నేళ్లు ఎందుకు వెళుతున్నావంటే నేను చెప్పేది ఒక్క శనివారం గురించే. ఆ నెల టోమస్ రివెరా 1971లో వెలువరించిన చిన్న పుస్తకం పెట్టారు. పేరును తెలుగులో చెబితే 'భూమి అతన్ని మింగలేదు' అని వస్తుంది. రివెరా టెక్సస్‌లోని క్రిస్టల్ సిటీలో పుట్టాడు, పంటల వెంట ఊళ్లు మారే కూలీల బిడ్డ. అందులో ఒక తల్లి రోజూ రాత్రి ఆత్మల కోసం మంచం కింద గ్లాసుతో నీళ్లు పెడుతుంది. వాటిని తాగేది కొడుకే, ఆమెకు ఆ సంగతి తెలియదు. మరో కథలో ఎండకు తాళలేక పశువుల తొట్టి దగ్గర నీళ్లు తాగుతున్న కుర్రవాడిని భయపెడదామని యజమాని తుపాకీ పేలుస్తాడు. కుర్రవాడు చనిపోతాడు. ఈ రెండూ నీళ్ల కథలేనని ఇంట్లో చదివినప్పుడు నాకు తట్టలేదు. మా బృందంలో ఒక నర్సు అందిస్తే తట్టింది.

అప్పటిదాకా పెదవి విప్పని పెద్దాయన టేబులు మీద మోచెయ్యి ఆనించి, రెండో చేతి వేలితో మోచేతి నుంచి వేలికొసల దాకా గీత గీసినట్టు చూపించారు. చిన్నప్పుడు బీటు దుంపల పొలాల్లో ఆయన పట్టిన పార కర్ర పొడవు అంతేనట. మన లెక్కలో మూరెడు. దానితో కలుపు తీయాలంటే రోజంతా నడుం వంచి ఉండాల్సిందే. ఎవరు నిటారుగా నిలబడితే వాళ్లు పని ఆపినట్టు మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది, అందుకే కర్ర అంత పొట్టిగా ఉండేదని ఆయన చెప్పారు. కాలిఫోర్నియాలో 1975లో ఆ పొట్టి పారను నిషేధించారు. 'అప్పటికి మా అమ్మ నడుం పోయింది' అని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. సమన్వయకర్త చేతిలో 'ఈ కథల్లోని ప్రతీకలను చర్చించండి' అనే ప్రశ్న ఉంది. ఆమె ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టేశారు. మిరప చేలో కలుపు తీసి సాయంత్రానికి గోడ పట్టుకుని నడిచిన మా నాయనమ్మ గురించి నేనూ ఆ రోజు చెప్పాను. ఇంగ్లీషులో ఎలా చెప్పానో నాకే తెలియదు.

అన్ని శనివారాలూ ఇలా ఉంటాయనుకుని వస్తే మాత్రం నిరాశ తప్పదు. ఎంపిక ప్రధానమైన లోపం. సంచికి సరిపడా కాపీలు దొరికే పుస్తకాలే వస్తాయి కాబట్టి కొత్త పుస్తకం మా దాకా చేరేసరికి పాతబడుతుంది. పైగా వరుసగా మెక్సికో సరిహద్దు ఎడారి దాటే కన్నీళ్ల కథలే. ఒక ఏడాది అయిదు నెలలు ఎడారిలోనే నడిచాం. చివరికి ప్యూర్టోరికోకు చెందిన రిటైర్డ్ టీచరమ్మ లేచి, 'మేము 1917 నుంచీ ఈ దేశ పౌరులం, విమానం టికెట్టు కొనుక్కుని వచ్చాం. మా కథలో ఎడారి లేదు, ఏం చేద్దాం?' అని అడిగింది. గదంతా ఘొల్లున నవ్వింది. మరుసటి నెల ఎస్మెరాల్డా శాంటియాగో 1993లో రాసిన ఆత్మకథ వచ్చింది. దాని మొదటి పేజీల్లో న్యూయార్క్ దుకాణంలో జామకాయ పట్టుకుని నిలబడ్డ రచయిత్రి కనిపిస్తుంది. ఆ శనివారం నేను దోరజామకాయలు కోసి, ఉప్పూకారం చల్లి డబ్బాలో పట్టుకెళ్లాను. టీచరమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, కారంతో ఎందుకు పాడు చేశావు అని నన్ను తిట్టి, ఇంకో ముక్క తీసుకుంది. మెక్సికో వాళ్లు మాత్రం మామిడికాయకు తామూ ఇదే చేస్తామని నా పక్షాన నిలిచారు.

రెండో చిక్కు సెప్టెంబరు. ఆ నెల 15న గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగ్వా, కోస్టారికాలకు స్వాతంత్ర్య దినం. 1968లో వారోత్సవంగా మొదలై, 1988లో నెలకు పెరిగిన హిస్పానిక్ (అంటే స్పానిష్ భాషా మూలాలున్నవారి) వారసత్వ ఉత్సవం ఆ రోజు నుంచి అక్టోబరు 15 దాకా సాగుతుంది. అప్పుడు కుర్చీలు చాలవు, కేకు ఉంటుంది, ఫొటోలు తీస్తారు. నవంబరుకు ఆరుగురం మిగులుతాం. నన్నడిగితే నవంబరులోనే రండి. జులియా అల్వారెజ్ నవల, డొమినికన్ రిపబ్లిక్ నియంత ట్రుహీయోను ఎదిరించి 1960 నవంబరు 25న హత్యకు గురైన మిరబల్ అక్కచెల్లెళ్ల కథ, మేము అలాంటి నవంబరులోనే చదివాం. ఆ ఆరుగురిలో ఒకాయన సినిమా చూసి వచ్చాడు. అయినా చర్చ రెండు గంటలు సాగింది, లైబ్రరీవాళ్లు లైట్లు తీసేదాకా ఎవరూ లేవలేదు.

జునో డియాజ్ నవలను అల్వారెజ్ నవల కంటే ముందే పెట్టడం పొరపాటు. 2008లో పులిట్జర్ బహుమతి వచ్చిన పుస్తకమే. కానీ ట్రుహీయో ఎవరో తెలియకుండా అందులోని ఫుట్‌నోట్లలో పడితే ఊపిరాడదు. పూర్తి చేసినవాళ్లం ముగ్గురమే. మీరు సొంతంగా మొదలుపెడితే అల్వారెజ్ ముందు, డియాజ్ తరువాత. అసలు మొదటి మెట్టుగా సాండ్రా సిస్నెరోస్ 1984లో రాసిన మాంగో స్ట్రీట్ పుస్తకం తీసుకోండి. హ్యూస్టన్‌లోని ఆర్టే పూబ్లికో అనే చిన్న ప్రచురణ సంస్థ తొలిసారి అచ్చువేసింది. ఒకటి రెండు పేజీల ముక్కలు. వంట పొయ్యి మీద ఉండగానే ఒకటి చదివేయవచ్చు.

2020లో సమావేశాలు కంప్యూటర్ తెర మీదకు వెళ్లినప్పుడు పెద్దవాళ్లు కొందరు జారిపోయారు, వాళ్లలో సగం మంది తిరిగి రాలేదు. మాటలన్నీ ఒకరే మాట్లాడే రోజులూ ఉంటాయి. సమన్వయకర్త మారినప్పుడల్లా కొన్నాళ్లు బడిలో కూర్చున్నట్టే ఉంటుంది. ఇవన్నీ పోగా అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. పుస్తకం చదవకుండా కబుర్ల కోసం వచ్చేవాళ్లకు ఇది నచ్చదు. స్పానిష్ నేర్చుకుందామని వచ్చేవాళ్లకూ అంతే. ఆరేళ్లలో నాకు అబ్బింది పాతిక తిట్లు, పది వంటకాల పేర్లు.

వచ్చే నెల సంచి నిన్ననే వచ్చింది. నేను పొద్దున్నే వెళ్లి నా కాపీ తెచ్చేసుకున్నాను. ఇంకా పదకొండు ఉన్నాయి.